చదివిపెట్టే గొంతు వెనుక శాస్త్రం

పొద్దున్నే చేతికొచ్చిన దినపత్రికను పావుగంటలో తిరగేసి పక్కన పెట్టేవాళ్లు చాలామంది. అదే పత్రికను మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకరు పైకి చదువుతూ పోతే ఎంతసేపు పడుతుంది? పదహారు పుటల పత్రికలో పుటకు 2,000 మాటలు ఉన్నాయనుకుందాం. మొత్తం 32,000 మాటలు. తెలుగు మాటలు పొడవైనవి కాబట్టి నిమిషానికి 100 మాటల వేగంతో చదివితే 320 నిమిషాలు, అంటే అయిదు గంటల ఇరవై నిమిషాలు కావాలి. పావుగంట ఎక్కడ, అయిదు గంటలు ఎక్కడ! కంటికి అంత తేలికైన పని గొంతుకూ చెవికీ వచ్చేసరికి ఎందుకింత బరువెక్కింది?

చూపు లేనివారికి వార్తలు చదివి వినిపించే స్వచ్ఛంద సేవలన్నీ రోజూ ఎదుర్కొనే ప్రశ్న ఇదే. మంచి గొంతు ఉంటే చాలు, ఎవరైనా చదివిపెట్టవచ్చు అనే అభిప్రాయం మనలో ఉంది. ఫోనే చదివేస్తున్నప్పుడు ఇక మనుషులతో పనేముంది అనే అభిప్రాయం ఈమధ్య అంతకంటే బలంగా వినిపిస్తోంది. రెండింటికీ మూలం ఒకే పొరపాటు: చదివిపెట్టడమంటే అక్షరాన్ని ధ్వనిగా మార్చడమేనని అనుకోవడం. పత్రిక పుట మీద మన కన్ను మనకే తెలియకుండా వెతుకుతుంది, ఏరుకుంటుంది, వరుస పెట్టుకుంటుంది. ఆ మొత్తం పనిని వినేవారికి చేసి అందించడమే చదివిపెట్టడం. స్వచ్ఛంద చదువరి గొంతు ఇస్తున్నట్టు కనిపిస్తాడు గానీ, ముందుగా ఇచ్చేది ఒక క్రమం. ఆ క్రమం ఎందుకు అవసరమో, యంత్రాలు పెరిగిన కాలంలోనూ దాని విలువ ఎందుకు తగ్గలేదో చూద్దాం.

కన్ను గెంతుతుంది, చెవి వరుసలో నిలబడుతుంది

చదివేటప్పుడు చూపు అక్షరాల మీద సాఫీగా జారుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అది గెంతుతూ పోతుంది. ఒక చోట సుమారు పావు సెకను ఆగి కొన్ని అక్షరాలను పట్టుకుని మరో చోటికి దూకుతుంది. అర్థం కాకపోతే వెనక్కి దూకుతుంది. చూపు నిలిచిన చోటే అక్షరం స్పష్టంగా ఉన్నా, చుట్టూ ఉన్న పుట మసకమసకగా తెలుస్తూనే ఉంటుంది. పైన పెద్ద శీర్షిక, పక్కన ఫొటో, కింద ప్రకటన, ఓ మూల బంగారం ధర. ఏది ముఖ్యమో అక్షరాల లావే చెప్పేస్తుంది. నూరు వార్తలుంటే తొంభై వదిలేసి పదింటిని ఏరుకుంటాం. పావుగంటలో పత్రిక ‘అయిపోవడానికి’ కారణం మనం వేగంగా చదవడం కాదు, వేగంగా వదిలేయగలగడం.

చెవికి ఆ వెసులుబాటు లేదు. అచ్చయిన పుట వారపు సంతలాంటిది. సంత మొదట్లో నిలబడి ఒక్క చూపు సారిస్తే కూరగాయలు ఎక్కడో, బట్టలు ఎక్కడో తెలిసిపోతుంది, కావలసిన చోటికి నేరుగా నడుస్తాం. ధ్వని అలా పరుచుకుని ఉండదు. అది మన గుమ్మం ముందు నుంచి ఒకదాని వెనుక ఒకటిగా వెళ్లే తోపుడుబళ్ల వరుస. వెనుక ఏ బండి వస్తోందో కనిపించదు. ముందు వెళ్లిన బండిని మళ్లీ చూడాలంటే వెనక్కి పిలవాలి. పుట స్థలంలో ఉంటుంది, ధ్వని కాలంలో ఉంటుంది. స్థలాన్ని కాలంగా మార్చినప్పుడు శీర్షికల లావు, వార్తల మధ్య గీతలు, పక్కపక్కన ఉండటం వల్ల తెలిసే సంబంధాలు అన్నీ రాలిపోతాయి. వాటి స్థానంలో మరేదైనా పెట్టకపోతే వినేవారికి మిగిలేది ఎడతెగని మాటల ప్రవాహం.

దీనికి తోడు మనసు విన్న మాటలను యథాతథంగా పట్టి ఉంచగలిగేది కొద్ది సెకన్లే. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి పెళ్లి బృందంతో వెళ్తున్న, బ్రేకులు విఫలమైన, లోయలోకి ఒరిగిన బస్సులో ప్రయాణిస్తున్న...’ అంటూ సాగే వార్తావాక్యంలో చివరికి వాళ్లు బతికారో లేదో ఆఖరి మాట దాకా తెలియదు. కన్ను ఆ చివరికి ఒక్క గెంతులో వెళ్లి వస్తుంది. చెవి మాత్రం విశేషణాలన్నీ మోస్తూ వేచి ఉండాలి. అనుభవం ఉన్న చదువరి ఇక్కడ వాక్యాన్ని మార్చడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట దగ్గర అరక్షణం ఆగాలో ముందే చూసుకుంటాడు. ఆ విరామాలే వినేవారికి కామాలు, పేరాలు, గీతలు.

*మౌనంగా ఎంత, పైకి ఎంత?*
*పెద్దవాళ్లు ఆంగ్లాన్ని మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి సుమారు 238 మాటలని, అంతకుముందు జరిగిన అనేక పరిశోధనలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణ తేల్చింది. పైకి చదివే పుస్తకాల వేగం సాధారణంగా నిమిషానికి 150 నుంచి 160 మాటలు. అంటే గొంతు కంటి వేగంలో మూడింట రెండు వంతులు అందుకుంటుంది. పావుగంటకూ అయిదు గంటలకూ ఉన్న తేడా ఈ లెక్కతో తీరదు. మిగిలిన తేడా అంతా కన్ను వదిలేసినవాటిదే.*

మిన్నెసోటా రేడియో, వేల్స్ క్యాసెట్

ఈ చిక్కును విప్పడానికి అర్ధ శతాబ్దం కిందటే రెండు దేశాల్లో రెండు దారులు దొరికాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1969 జనవరి 2న చూపు లేనివారి కోసం ప్రత్యేక రేడియో సేవ మొదలైంది. రోజువారీ పత్రికలను, పుస్తకాలను స్వచ్ఛంద కార్యకర్తలు చదువుతుంటే, శ్రోతలు ఇంట్లో ఉంచుకున్న ప్రత్యేక రిసీవర్లలో వినేవారు. ఆ నమూనా తర్వాత అమెరికాలోని ఇతర రాష్ట్రాలకు పాకింది. మరుసటి ఏడాది, 1970 జనవరిలో, బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు చిన్న పట్టణం అబెరిస్ట్‌విత్‌లో రోనాల్డ్ స్టర్ట్ అనే గ్రంథాలయశాస్త్ర అధ్యాపకుడి చొరవతో ‘మాట్లాడే పత్రిక’ మొదలైంది. అక్కడ వాడింది క్యాసెట్. స్థానిక వారపత్రికలోని వార్తలను చదివి రికార్డు చేసి, నకళ్లు తీసి, పోస్టులో ఇళ్లకు పంపేవారు. చూపు లేనివారి సామగ్రికి బ్రిటన్‌లో పోస్టు ఖర్చు లేదు. విన్నాక అదే సంచి మీది చిరునామా చీటీని తిప్పి పెట్టి తిరిగి పోస్టు డబ్బాలో వేస్తే సరిపోయేది. క్యాసెట్ పోయి పెన్‌డ్రైవ్ వచ్చినా ఆ సంచి పద్ధతి అలాగే నిలిచింది. బ్రిటన్‌లో ఊరూరా ఇలాంటి బృందాలు ఏర్పడ్డాయి.

ఈ బృందాల్లో పని విభజన గమనించదగ్గది. ఒకరు సంపాదకులు. వారపు పత్రికను ముందుంచుకుని ఏం చదవాలో, ఏ వరుసలో చదవాలో నిర్ణయిస్తారు. ఇద్దరు ముగ్గురు చదువరులు వంతులవారీగా వార్తలు అందుకుంటారు. గొంతు మారడమే ఒక వార్త ముగిసి మరొకటి మొదలైందనడానికి గుర్తు, పుట మీద వార్తల మధ్య గీసిన గీతలాంటిది. ఒకరు రికార్డింగ్ చూస్తారు. కొందరు నకళ్లు తీసి సంచుల్లో పెడతారు. అంటే మైకు ముందు కూర్చునేవారు బృందంలో ఒక భాగం మాత్రమే. మిగిలినవారి శ్రమంతా పుటను వరుసగా మార్చడానికీ, ఆ వరుసను గుమ్మం దాకా చేర్చడానికీ సంబంధించినది. వంతులవారీ పద్ధతి వల్ల ఏ ఒక్కరి మీదా మోయలేని భారం పడదు. స్వచ్ఛంద సేవ ఉత్సాహంతో మొదలై అలసటతో ఆగిపోతుందనే సందేహానికి ఇన్ని దశాబ్దాలుగా నడుస్తున్న ఈ బృందాలే సమాధానం.

*ఎఫ్‌ఎం కెరటంలో రెండో దారి*
*ఒక ఎఫ్‌ఎం స్టేషన్‌కు కేటాయించిన జాగా రోడ్డులాంటిది. పాటలు, మాటలు దాని మధ్యలో నడుస్తాయి. అంచున ఇంకా కొంత ఖాళీ మిగులుతుంది. ఆ అంచు మీద మరో సన్నని ధ్వనిని పంపవచ్చు. మామూలు రేడియో మధ్యదారినే అందుకుంటుంది కాబట్టి దానికి ఈ ధ్వని వినబడదు. అంచును అందుకునేలా చేసిన రిసీవర్‌కే వినబడుతుంది. మిన్నెసోటా సేవ వాడుకున్నది ఈ అంచునే. కొత్త స్టేషన్ పెట్టనక్కర్లేకుండా ఉన్న టవరు మీదే మరో సేవ నడిచింది.*

టీవీ, రేడియో ఉన్నాయి కదా?

వార్తలు వినడానికి ఇన్ని సాధనాలుండగా పత్రికను ప్రత్యేకంగా చదివిపెట్టడం ఎందుకన్నది సహజమైన ప్రశ్న. ఆకాశవాణి ప్రాంతీయ వార్తల నిడివి పది నిమిషాలు. అందులో రాష్ట్రం సరిపోతుంది, మండలం సరిపోదు. టీవీలో మాట వినిపించినా సమాచారంలో కీలకమైన భాగం తెర మీదే ఉంటుంది. ‘స్క్రీన్ మీద కనిపిస్తున్న నంబరుకు ఫోన్ చేయండి’ అనే ఒక్క వాక్యం చాలు, చూపు లేని ప్రేక్షకుణ్ని బయట నిలబెట్టడానికి. కింద పరుగెత్తే వార్తల పట్టీ, ఎన్నికల లెక్కింపు రోజు అంకెలు, వాతావరణ పటం కూడా అంతే.

పత్రిక బలం వేరే చోట ఉంది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక తెలుగు పత్రికల్లో ఊరి వార్తకు స్థిరమైన చోటు దొరికింది. రేపు ఏ ఫీడరు కింద కరెంటు ఉండదు, మార్కెట్ యార్డులో మిర్చి ధర ఎంత పలికింది, ఏ ఉద్యోగానికి దరఖాస్తు గడువు ఎప్పుడు, ఎవరు చనిపోయారు, ఎక్కడ కంటి పరీక్షల శిబిరం పెడుతున్నారు వంటివి పెద్ద బులెటిన్లలో రావు. అయినా మనిషిని తన ఊరి మనిషిగా నిలిపేవి అవే. అబెరిస్ట్‌విత్ బృందం జాతీయ పత్రికను కాకుండా స్థానిక పత్రికను ఎంచుకోవడంలో ఈ వివేకం ఉంది. దేశపు వార్త ఎలాగో ఒకలా చెవిన పడుతుంది. వీధి చివరి వార్తను మాత్రం ఎవరో ఒకరు చదివిపెట్టాలి.

యంత్రం చదవలేదా?

చదువుతుంది, రోజురోజుకూ బాగా చదువుతోంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే తెరచదువరి (స్క్రీన్ రీడర్) సాఫ్ట్‌వేర్లు లక్షలమంది చూపు లేనివారికి చదువును, ఉద్యోగాన్ని, స్వేచ్ఛను ఇచ్చాయి. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ 2006లో మొదలైంది. తెలుగును కూడా అది చదివి వినిపిస్తుంది. యంత్రపు గొంతు స్థూలంగా నాలుగు మెట్లెక్కి మాట్లాడుతుంది. మొదట అంకెలను, పొట్టి అక్షరాలను పూర్తి మాటలుగా విప్పుకుంటుంది. తర్వాత అక్షరాలను ధ్వనులుగా మార్చుకుంటుంది. మూడో మెట్టులో ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో నిర్ణయిస్తుంది. చివరగా ఆ లెక్కల నుంచి ధ్వనితరంగాన్ని అల్లుతుంది.

తెలుగులో రాసినదానికీ పలికేదానికీ దూరం తక్కువ కాబట్టి రెండో మెట్టు ఆంగ్లం కంటే సులువు. అయినా చిక్కులు లేకపోలేదు. ‘చలి’లోని చకారం ఒకటి, ‘చక్రం’లోని చకారం మరొకటి, అచ్చులో రెండూ ఒక్కటే. మొదటి మెట్టు ఇంకా కష్టం. ‘2-3 రోజుల్లో’ అంటే రెండు మూడు రోజుల్లో. ‘2-3తో ఓటమి’ అంటే ఆటలో వచ్చిన అంకె. ‘2-3-2024’ అంటే తేదీ. గీత ఒక్కటే, చదివే తీరు మూడు రకాలు. ‘3 రోజులు’ మూడు రోజులే, కానీ ‘3 మంది’ని తెలుగువాడు ముగ్గురు అంటాడు. ‘రా. 8 గం.కు’ అన్నదాన్ని విప్పడానికి భాష తెలియడంతోపాటు అలవాటూ కావాలి. ఇవన్నీ యంత్రం నేర్చుకోలేనివి కావు. న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతులు వచ్చాక పలుకు చాలా సహజమైంది, ఈ తప్పులూ ఒకనాటికి తీరిపోవచ్చు. కాబట్టి ‘యంత్రానికి ఉచ్చారణ రాదు’ అనే వాదం మీద స్వచ్ఛంద సేవను నిలబెట్టడం ఇసుక మీద ఇల్లు కట్టడమే.

గట్టి పునాది ఉచ్చారణకు ముందున్న దశలో ఉంది. ముందు యంత్రానికి అక్షరం చేతికందాలి. అందాక ఏ వార్త ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియాలి, ‘మిగతా 9లో’ అన్నప్పుడు తొమ్మిదో పుటకు వెళ్లాలి. కార్టూను నవ్వు ఎందులో ఉందో చెప్పాలి. ధరల పట్టికను అర్థమయ్యే వాక్యాలుగా మార్చాలి. ఫోన్ నంబరును విడివిడిగా, రెండుసార్లు పలకాలి. అన్నింటికంటే ముఖ్యం, ఎక్కడైనా ఒక వరుస తప్పిపోతే తప్పిపోయిందని చెప్పాలి. యంత్రం ఒక వాక్యం ఎగరగొట్టినా అదే ధీమాతో ముందుకు సాగుతుంది. పుటను చూడలేని శ్రోతకు ఆ లోటు తెలిసే మార్గం లేదు. ‘ఇక్కడ అచ్చు చెరిగింది, అంకె సరిగా కనబడటం లేదు’ అని ఒప్పుకునే చదువరి మీద ఉంచే నమ్మకం అందుకే వేరు.

*కంటికి తెలుగు, యంత్రానికి గజిబిజి*
*యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉంటుంది. ‘క’ సంఖ్య 3093. ఏ ఫోనుకైనా, ఏ కంప్యూటర్‌కైనా అది ‘క’నే. డీటీపీలో ఏళ్ల తరబడి వాడిన పాత ఫాంట్ల పద్ధతి వేరు. అవి ఆంగ్ల అక్షరాల సంఖ్యలకు తెలుగు బొమ్మలు తొడిగాయి. కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అర్థం లేని ఆంగ్ల అక్షరాల, గుర్తుల కుప్ప వినిపిస్తుంది. ఈ-పేపరు పుటను బొమ్మగా పెడితే ఆ కుప్ప కూడా దొరకదు. బొమ్మలోని అక్షరాలను గుర్తించే మరో ప్రోగ్రాం కావాలి, అది తప్పులూ చేస్తుంది.*

వేగంగా వినే చెవులు, అలవాటు లేని చెవులు

ఇంతకంటే గట్టి అభ్యంతరం చూపు లేనివారి వైపు నుంచే వస్తుంది. చిన్నప్పటి నుంచి తెరచదువరికి అలవాటుపడినవారికి మనిషి గొంతు నత్తనడకలా ఉంటుంది. జర్మనీలోని ట్యూబింగన్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఆధారం. చూపు ఉన్నవారు సెకనుకు సుమారు 8 అక్షరధ్వనుల వేగం దాకా సుఖంగా అర్థం చేసుకుంటే, సాధన ఉన్న చూపు లేనివారు 22 దాకా అందుకోగలరని అది చెప్పింది. అలా వింటున్నప్పుడు వారి మెదడులో మామూలుగా చూపుకు సంబంధించిన భాగం కూడా చురుకుగా ఉంది. ఖాళీగా ఉన్న గదిని మెదడు వినికిడికి కేటాయించుకుందన్నమాట. అలాంటి శ్రోతకు మన గొంతు అవసరం లేదన్నది నిజం. ఆ నిజాన్ని నొచ్చుకోకుండా ఒప్పుకోవాలి.

అయితే చూపు లేనివారంతా అలాంటివారు కాదు. మన దేశంలో 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో మొత్తం జనాభాలో అంధత్వం 0.36 శాతం ఉంటే, యాభై దాటినవారిలో 1.99 శాతం ఉంది. చూపు పోవడం ఎక్కువగా వయసు మళ్లాక జరుగుతోంది. జీవితమంతా పత్రిక చదివి, అరవైలోనో డెబ్బైలోనో చూపు కోల్పోయినవారికి బ్రెయిలీ కొత్త, తెరచదువరి కొత్త, నున్నటి గాజు తెర మీద వేలితో తడమడం మరీ కొత్త. వారికి తెలిసిన సాధనం ఒక్కటే, మనిషి మాట. బ్రిటన్ బృందాలు ఒకే బటన్‌తో పనిచేసే పరికరాలను ఇష్టపడటానికి కారణం ఇదే.

కాబట్టి శ్రోతలు రెండు రకాలు, సేవా రెండు రకాలుగా ఉండాలి. అలవాటు లేని చెవికి మనిషి గొంతు, వేగపు చెవికి చక్కగా సర్దిన యూనికోడ్ పాఠం. రెండింటిలోనూ మొదటి సగం పని ఒక్కటే: ఏరడం, వరుస పెట్టడం, శీర్షికలను గుర్తించడం, బొమ్మను మాటల్లోకి దించడం. మైకు ముందు కూర్చోలేని కార్యకర్త కీబోర్డు ముందు కూర్చున్నా అదే సేవ చేసినట్టు.

*చెవికి గెంతులు నేర్పిన డైసీ*
*క్యాసెట్‌లో అయిదో వార్త కావాలంటే టేపును తిప్పుతూ అందాజుగా ఆపాలి. ఈ ఇబ్బంది తీర్చడానికి వచ్చిన డిజిటల్ ప్రమాణమే డైసీ. దాన్ని నిర్వహించే అంతర్జాతీయ సంఘం 1996లో ఏర్పడింది. రికార్డింగ్ లోపల శీర్షికల దగ్గర, పుటల దగ్గర మైలురాళ్లు పాతడం దీని కిటుకు. శ్రోత బటన్ నొక్కి ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకుతాడు, నచ్చనిది వదిలేస్తాడు. తోపుడుబళ్ల వరుస మళ్లీ సంతగా మారుతుంది.*

ఏరే అధికారం ఎవరిది?

క్రమం పెట్టడమే అసలు పని అయితే, ఆ క్రమంలో చదువరి ఇష్టాయిష్టాలు చొరబడవా? చొరబడతాయి. అయిదు గంటల పత్రికను గంటకు కుదించేవారు ఏదో ఒకటి వదిలేయక తప్పదు. ఒక పార్టీ వార్తలు నిండుగా, మరో పార్టీవి పొడిగా రావచ్చు. ‘పాపం, వాళ్లకు ఎందుకులే’ అనుకుని హత్య వార్తనో, సినిమా గాసిప్‌నో దాటేయవచ్చు. ఆ జాలి కూడా సెన్సారే. చూపు ఉన్నవాడికి పనికిమాలిన వార్త చదివే హక్కు ఉన్నట్టే చూపు లేనివారికీ ఉంది. దీనికి విరుగుడు ఎంపికను మానేయడం కాదు, బయటపెట్టడం. ముందుగా పుటలోని శీర్షికలన్నీ చదవాలి, తర్వాత ఏవి పూర్తిగా చదువుతున్నామో చెప్పాలి, మిగిలినవాటిలో కావలసినది అడిగే దారి ఉంచాలి. పత్రిక పేరు, తేదీ, రాసినవారి పేరు విధిగా చెప్పాలి. సొంత వ్యాఖ్య ఒక్కటి కూడా కలపకూడదు. ఏం చదవాలో నిర్ణయించే బృందంలో వినేవారు కూడా ఉండాలి. అప్పుడే ఇది వారి కోసం చేసే సేవగా మిగలకుండా వారితో కలిసి చేసే పని అవుతుంది.

హక్కును దయ మింగేయదా?

చివరి అభ్యంతరం నైతికమైనది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. అచ్చు, శ్రవ్య, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం అందరికీ అందుబాటు రూపంలో ఉండేలా చూడాలని దాని 42వ సెక్షన్ ప్రభుత్వాలకు చెబుతోంది. అలాంటప్పుడు పత్రికలు చేయాల్సిన పనిని స్వచ్ఛంద కార్యకర్తలు నెత్తికెత్తుకుంటే పత్రికలు చేతులు దులుపుకోవా? ఈ భయం న్యాయమైనదే. యూనికోడ్ పాఠం, బొమ్మలకు వివరణ, తెరచదువరికి దారి చూపే వెబ్‌సైటు ప్రచురణకర్తల బాధ్యత. ఆ బాధ్యతను అడుగుతూనే ఉండాలి. కానీ హక్కు సాకారమయ్యేదాకా రేపటి పత్రిక ఆగదు. పైగా చదివిపెట్టే బృందమే ఆ హక్కుకు మంచి సాక్షి. ఏ పుట ఎక్కడ చదవడానికి లొంగదో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

చట్టం అడ్డం వస్తుందేమోననే జంకు అక్కర్లేదు. చూపు లేనివారి కోసం లాభాపేక్ష లేకుండా రచనలను అందుబాటు రూపంలోకి మార్చడానికి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ అనుమతిచ్చింది. ఆ అవకాశాన్ని అవసరమైనవారికే పరిమితం చేసే జాగ్రత్త తీసుకుంటే చాలు. ఇదే ఆశయంతో 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని ఆమోదించిన మొట్టమొదటి దేశం మనదే, 2014లో.

2011 జనగణన ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. తెలుగు జిల్లాల్లో ఏ పట్టణాన్ని తీసుకున్నా ఒక గ్రంథాలయం, కొందరు రిటైరైన ఉపాధ్యాయులు, రికార్డు చేయగల ఫోన్లు ఉంటాయి. నలుగురు కలిస్తే వారానికి ఒక గంట జిల్లా వార్తలు చదివి పంపవచ్చు. ముందుగా మీ ఊళ్లో చూపు లేనివారిని కలిసి వారికి ఏం కావాలో అడగండి. తర్వాత పత్రిక తెరవండి. శీర్షికలు చదవండి, అంకెలు నిదానంగా పలకండి, ఫోన్ నంబరు రెండుసార్లు చెప్పండి.